నిప్పుకు మనవరాలు

ఒర్సోలాతో నా పరిచయం తిట్లతో మొదలైంది.

ఈస్టరుకు ముందు బుధవారం సాయంత్రం మా కొండమీది ఊరి చర్చిలో కొవ్వొత్తులను ఒక్కొక్కటిగా ఆర్పుతారు. చివరిదాన్ని మాత్రం ఆర్పరు. పీఠం వెనక దాచి, చీకట్లో జనమంతా బల్లలు దబదబా బాదాక మళ్ళీ తెస్తారు. ఆ ఏడు దాచే పని నాది. ముందు బల్లమీది కొత్తమ్మాయిని చూస్తూ చూస్తూ, అలవాటుగా ఉఫ్‌మని ఊదేశాను.

జనం బాదారు, బాదారు. వెలుగు రాలేదు.

"అగ్గిపెట్టె కావాలేమిట్రా తాద్దెయో?" అని ఎవరో నన్ను పేరు పెట్టి అరిచారు. అందరూ నవ్వారు.

బయట వాన. ఆ అమ్మాయి నన్ను నిలదీసింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏమయ్యా, ఒక్క దీపం కాపాడటం చేతకాదా?"

"తప్పు మీదేనండీ. ఎదురుగా అలా కూర్చుంటే ఎవరైనా ఊదేస్తారు."

"ఛీ!" అంది గానీ, నా గొడుగులోకే వచ్చింది.

ఫ్లోరెన్సులో మాటల పుట్టుక గురించి చదువుతోందట. వేసవి సెలవులంతా మా ద్రాక్షతోట గట్టు మీదే మా కబుర్లు.

"మన భాషలో చీకటిని బూయో అంటాం కదా, ఆ మాటకి తాత ఎవరో తెలుసా?"

"మాటకి తాతేమిటే?"

"గ్రీకుల నిప్పు! నిప్పులోంచి నిప్పురంగు. అది లాటిన్‌లోకొచ్చి ఎర్రటి మసకరంగు. మసక ముదిరి మన బూయో. చాలామంది పండితులు ఇదే అంటారు."

"అబ్బో! నిప్పులాంటి వంశంలో చీకటి పుట్టిందన్నమాట. మరి మీ వంశం సంగతో?"

సరదాకే అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"మాదీ అంతే. అమ్మమ్మకి చిన్న వయసులోనే చూపు పోయింది. నాకూ పోతోంది. ఆ రోజు చర్చిలో నేను ఏడ్చింది అందుకే. ఇక నా వెంట రాకు."

మర్నాడే వెళ్ళిపోయింది. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. ఆ చలికాలమంతా నేను మనుషుల్లో లేను.

మళ్ళీ ఆ బుధవారం వచ్చింది. ఫాదర్ నన్ను నమ్మి కొవ్వొత్తి మళ్ళీ నా చేతికే ఇచ్చారు. ఆఖరి బల్ల మీద ఒర్సోలా, చేతిలో తెల్లకర్ర.

బాదడం ఆగాక, దీపాన్ని పీఠం మీద పెట్టకుండా నేరుగా ఆమె దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె ముఖం ఇటు తిరగలేదు.

"ఈసారి ఆర్పలేదుగా?" అంది.

"లేదు. నీకు... అంతా చీకటేనా?"

"నల్లగా ఉంటుందనుకున్నా. కాదు. ఎర్రగా, ఆరిపోతున్న కుంపటిలా ఉంది. రావద్దంటే వినవేం?"

నేను దీపం ఆమెకు దగ్గరగా పట్టాను. ఆమె వేడిని వెతుక్కుంటూ చెయ్యి చాపింది. వేలి మీద మైనం చుక్క పడింది. గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాను.

"అయ్యో, కాలిందా?"

"కాలింది. చెయ్యి తీయకు."