వరహాలమ్మ చూసిన దీపం

“ఇప్పుడు చెప్పండమ్మా, నా చేతిలో ఏముంది?” అని అడిగింది డాక్టర్ షమీమ్.

“గొడుగు.”

“నలుపా, తెలుపా?”

“తెలుపు,” అంది వరహాలమ్మ ధీమాగా.

పక్కన కూర్చున్న ఆమె భర్త సన్యాసినాయుడు ఇబ్బందిగా కదిలాడు. అది నల్ల గొడుగు. పొద్దున్న భీమిలి నుంచి బస్సులో తనే తెచ్చాడు.

విశాఖపట్నంలోని ఆ పరిశోధనాశాలలో, చూపు పూర్తిగా పోయిన పన్నెండు మందికి కంటి వెనక పొరలో గోరంత సిలికాన్ చిప్ అమర్చారు. కంట్లో పడిన వెలుతురును అది సన్నటి కరెంటుగా మార్చి మెదడుకు పోయే నరానికి అందిస్తుంది. పాడైపోయిన రెటీనా చేయవలసిన పని అది చేస్తుందన్నమాట. రంగులు తెలియవు. తెలుపు, నలుపు, మధ్యలో బూడిద ఛాయలు, అంతే. బట్టలు కుట్టి సంసారం ఈదిన వరహాలమ్మకు ఆ మాత్రమే మహాభాగ్యం. కట్టు విప్పిన రోజున మొగుణ్ణి చూసి, “ఏటండీ, ఇంత ముసలోరైపోయారు!” అని నవ్వి, వెంటనే ఏడ్చేసింది.

“ఇంకేమైనా వింతగా కనబడుతోందా?” డాక్టర్ అడిగింది.

సన్యాసినాయుడు ఆమె చేయి నొక్కాడు. వరహాలమ్మ ఆగలేదు.

“చీకటి పడ్డాక డాబా ఎక్కితే ఆకాశంలో ఒక దీపం కనబడతాదమ్మా. దక్షిణం పక్క, కొబ్బరిచెట్టు నెత్తిన. మిణుకుమనదు, కదలదు. ఈయనకి చూపిస్తే ఏటీ లేదంటారు.”

డాక్టర్ షమీమ్ రాస్తున్నదల్లా ఆగిపోయింది.

ఆ సాయంత్రమే ఆమె భీమిలి వచ్చి డాబా మీద నిలబడింది. వరహాలమ్మ వేలు పెట్టి చూపించిన చోట ఉత్త ఆకాశం. మిగతా పదకొండు మందికీ ఫోన్ చేసింది. అందరిదీ ఒకటే మాట: మాకేమీ కనబడలేదు.

“ఎలా చెప్పాలో తెలియడం లేదమ్మా,” అంది చివరికి. “లేనిది కనిపిస్తోందంటే చిప్ మెదడును తప్పుదారి పట్టిస్తోందని అర్థం. ఇలాంటప్పుడు చిప్ ఆపేయాలని రూలు. వచ్చే సోమవారం ఒకసారి రండి.”

“ఆపేస్తే మళ్ళీ చీకటేనా?”

డాక్టర్ ఆమె చేయి ఒకసారి పట్టుకుని మెట్లు దిగింది.

ఆమె వెళ్ళాక సన్యాసినాయుడు గొణిగాడు. “చెప్పొద్దని చేయి నొక్కినా వినవు కదా.”

“కనబడింది కనబడినట్టు చెప్పమన్నారు కదండీ!”

అప్పటి నుంచి వరహాలమ్మకు తన మీద తనకే అనుమానం పట్టుకుంది. రోజూ దీపాలు పెట్టే వేళ దాటగానే డాబా ఎక్కేది. కళ్ళు మూస్తే దీపం ఉండదు, తెరిస్తే ఉంటుంది. గాలికి కొబ్బరిమట్ట అడ్డొస్తే దాని చాటుకు పోతుంది, మళ్ళీ బయటికొస్తుంది. బుర్రలో పుట్టిన దీపమైతే మట్ట చాటుకెలా పోతుంది? ఉన్నదే అయితే ఇంతమందిలో ఒక్కరికీ కనబడదేం? రెండు ప్రశ్నలూ రోట్లో పచ్చడిలా నలిగాయే గాని ఏదీ తేలలేదు.

ఆదివారం సాయంత్రం సన్యాసినాయుడు వార్తల కోసం టీవీ పెట్టాడు.

“ఎందుకండీ నా మొహం మీద టార్చి కొడతారు?” అని చిరాకుపడింది వరహాలమ్మ.

“టార్చి ఎక్కడిదే? రిమోట్ ఇది.”

“దాని ముక్కు మీద దీపం వెలుగుతోంది కదా!”

సన్యాసినాయుడు రిమోట్‌ను తిప్పి తిప్పి చూశాడు. ఏ దీపమూ లేదు. బటన్ నొక్కాడు. “వెలిగింది,” అందామె. వదిలాడు. “ఆరింది.” రిమోట్ వీపు వెనక దాచి, కొన్నిసార్లు బటన్ నొక్కిపట్టి, కొన్నిసార్లు నొక్కకుండానే బయటికి తీశాడు. పిల్లల ఆటలా ఎంతసేపు చేసినా ఆమె ఒక్కసారీ తప్పు చెప్పలేదు. అంతవరకూ పెళ్ళాం మాట నమ్మని ఆ మనిషి అప్పటికప్పుడే డాక్టర్‌కు ఫోన్ చేశాడు.

మర్నాడు డాక్టర్ షమీమ్ తానే వచ్చి ఆ పరీక్షంతా మళ్ళీ చేసి, నేల మీద చతికిలబడి నవ్వింది.

“రిమోట్‌లోంచి వచ్చేది ఇన్‌ఫ్రారెడ్ అమ్మా. ఎరుపుకు అవతల ఉండే కాంతి. మా కళ్ళకు ఆనదు. సిలికాన్‌కు ఆనుతుంది. దాన్ని అడ్డుకునే పొర చిప్ మీద వేశామనే అనుకున్నాం, అది సరిగా పడలేదు. మీ గొడుగు గుడ్డ ఆ కాంతిని అద్దంలా తిప్పికొడుతోంది, అందుకే మీకు తెల్లగా కనబడింది.”

“మరి ఆకాశంలోది?”

“అక్కడ నిజంగానే ఏదో ఉంది. నాకు కనబడదు. మీకు కనబడుతుంది.”

“ఏటమ్మా అది?”

“తెలియదు,” అంది డాక్టర్.

అంతలోనే ఆమె నవ్వు ఆగిపోయింది. చిప్‌లన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఒకరికి కనబడితే అందరికీ కనబడాలి.

పదకొండు మందినీ పిలిపించింది. అందరూ తలలు దించుకున్నారు. చివరికి ఒకప్పటి లారీ డ్రైవర్ గంగరాజు లేచాడు.

“మొదటి రోజు నుంచే కనబడుతోంది డాక్టరమ్మా. చెబితే చిప్ తీసేస్తారని భయపడ్డాను.”

ఆ తర్వాత ఒక్కొక్కరే బయటపడ్డారు. ఒకావిడ వరహాలమ్మ చేతులు పట్టుకుని భోరుమంది. ఆ చేతులను విదిలించుకోవాలో, తిరిగి పట్టుకోవాలో వరహాలమ్మకు తోచలేదు.

కదలకుండా ఒకేచోట ఉందంటే ఏ ఉపగ్రహమో అయి ఉంటుందని, ఉపగ్రహాలు నడిపేవాళ్ళందరికీ డాక్టర్ ఉత్తరాలు రాసింది. కొందరు అది మాది కాదన్నారు. కొందరు జవాబే ఇవ్వలేదు. ఈలోగా అందరికీ ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే కళ్ళద్దాలు వచ్చాయి. పెట్టుకుంటే గొడుగు నల్లబడింది, మనుషుల ముఖాలు తేటపడ్డాయి, దీపం పోయింది.

కథ అక్కడితో అయిపోవలసింది. కానీ ఒక టీవీ ఛానెల్ ‘చిప్ కళ్ళకు చిక్కిన వింత వెలుగు’ అని రోజంతా ఊదరగొట్టింది. రెండోనాటికి వరహాలమ్మ డాబా మీద కాలు పెట్టే చోటు లేదు. జనమంతా సముద్రం వైపు తిరిగి చేతులు జోడించారు.

“అదుగో! నీలంగా ఉంది!” అంది పక్కింటి కామేశ్వరి.

“నీలమేంటి, బంగారు రంగులో మెరుస్తోంటే!” అన్నాడు ఎవరో.

వరహాలమ్మ అద్దాలు తీసి అటు చూసింది. దూరంగా వేట పడవల దీపాలు తప్ప ఏమీ లేవు. పక్కకు తిరిగింది. దక్షిణాన, కొబ్బరిచెట్టు నెత్తిన, అది అలాగే ఉంది.

“అటు కాదమ్మా, ఇటు,” అంది.

కామేశ్వరి ఆమె భుజం నిమిరింది. “పాపం, మీకు మళ్ళీ చూపు తగ్గినట్టుంది వదినా. ఓసారి డాక్టర్‌కు చూపించుకోండి.”

జనం పలచబడ్డాక సన్యాసినాయుడు భార్య పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. “నిజంగా ఎటుందే?”

వరహాలమ్మ ఆయన గడ్డం పట్టుకుని దక్షిణానికి తిప్పింది. ఆయన మెడ ఎత్తి, కళ్ళు చికిలించి, చాలాసేపు చూశాడు.

“ఆఁ,” అన్నాడు. “ఉంది.”

వరహాలమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఆ మాట తన మీద ప్రేమతో అన్నాడో, నిజంగానే కనబడుతోందని అనుకుంటున్నాడో ఆమెకు ఎంత చూసినా తెలియలేదు.