ఓపల్ చెట్టు కింద తలుపు చప్పుడు

అరిజోనా ఎడారిలో, యూమాకి ఉత్తరంగా, ఎండు వాగు మలుపు తిరిగే చోట ఒక ఐరన్‌వుడ్ చెట్టుంది. దాని కింద ఎవరూ బండి ఆపరు.

చూస్తే ఎవరికైనా ఆశ పుట్టే చోటే. చదును నేల. మధ్యాహ్నం నీడ. వెనకాల గుట్ట అడ్డం ఉండటంతో ఉత్తరపు గాలి తగలదు. ఉద్యోగాలు మానేసి, చలికాలం గడపడానికి ఆర్వీలు — లోపలే పడకా వంటా ఉండే ఇంటి బండ్లు — వేసుకుని దిగే మాలాంటి ముసలాళ్ళకి అంతకంటే ఏం కావాలి? అయినా సరే... కొత్తవాళ్ళెవరైనా తెలియక అక్కడ ఆపితే, పొద్దు కుంకేలోపు ఎవరో ఒకరు వెళ్ళి చెవిన వేస్తారు. విన్నవాళ్ళు వెంటనే బండి తీస్తారు. విననివాళ్ళు తెల్లారాక తీస్తారు.

రాత్రి అక్కడ తలుపు తడతారు. మెల్లగా — మొదట వేలి కణుపులతో, తర్వాత అరచేత్తో. తీసి చూస్తే ఎవరూ ఉండరు. చల్లటి గాలి ఒకటి మొహానికి తగులుతుంది... అంతే. తలుపు తీసినవాళ్ళకి ఇంతవరకూ ఏ హానీ జరగలేదు.

నేను చెప్పబోయేది తీయనివాడి సంగతి. అతని భార్య ఆర్డిసే నాకు స్వయంగా చెప్పింది.

ముందు ఓపల్ గురించి చెప్పాలి. ఓపల్ రైట్‌మైర్. భర్త పోయాక ఓక్లహోమాలో ఇల్లు అమ్మేసి, పికప్ ట్రక్కుకి తగిలించి లాగే చిన్న ట్రైలరొకటి కొనుక్కుని అందులోనే బతికేది. మాకందరికీ వేసవిలో తిరిగి వెళ్ళడానికి ఎక్కడో ఒక ఇల్లుంది. పైపుల్లో నీళ్ళు ఖాళీ చేసి, తాళం వేసి వస్తాం, మంచు కరిగాక వెళ్ళి తలుపులు తెరుస్తాం. ఆమెకి అలాంటిదేమీ లేదు. "నా ఇల్లు ఈ చెట్టేనమ్మా. పైకప్పు కారుతుందన్న బెంగ లేదు" అని నవ్వేది. ప్రతి చలికాలం దాని కిందే దిగేది. ప్రభుత్వ భూమి, ఎవరి సొంతమూ కాదు, ఎవరు ముందొస్తే వాళ్ళది. అయినా అది ఓపల్ చోటని మేమందరం వదిలేసేవాళ్ళం.

డెల్మర్ హాగ్‌బర్గ్ వదల్లేదు.

డెల్మర్‌ది మిన్నెసోటాలో మా ఊరే. తనకి కావాలనిపించిందంటే ఎదుటివాడి నోటి దగ్గరదైనా లాక్కునే రకం. బస్సంత ఆర్వీ కొన్నాడు. ఒక ఏడు ఆర్డిస్ కూతురి పురుటికని ఊళ్ళో ఉండిపోతే, ఒక్కడే వచ్చి, ఓపల్ కంటే ముందే ఆ చెట్టు కింద పాతుకుపోయాడు.

"డెల్మర్, ఇది నా చోటని నీకు తెలుసుగా" అంది ఓపల్.

"చెట్టు మీద నీ పేరు రాసుందా? ఏదీ, చూపించు."

"అవతలంతా గాలి. నా హీటర్‌లో మంట నిలవదు."

"అయితే ఇంకో దుప్పటి కప్పుకో."

మా ఆయన వెండెల్ వెళ్ళి నచ్చజెప్పబోయాడు. ఓపలే వద్దంది. "వాడి నీడకోసం నేను బతిమాలాలా? పోనీ." పట్టుదలగా చెట్టు ఎదురుగానే, ఎత్తు మీద, గాలికి ఎదురుగా ట్రైలర్ పెట్టుకుంది. ఇక రోజూ గొడవే. డెల్మర్ జెనరేటర్ ఆపడు. ఆమె వెళ్ళి తలుపు తడుతుంది. అతను కిటికీలోంచి వెక్కిరిస్తాడు.

జనవరిలో ఒక రాత్రి గాలి లేచింది. ఎడారి గాలి ఎలా ఉంటుందో పగలు చూసినవాళ్ళకి తెలియదు... బకెట్లలో నీళ్ళు గడ్డకట్టాయి. మా బండ్లన్నీ వాగు అవతల. తెల్లారి వెండెల్ కాఫీ ఫ్లాస్కు పట్టుకుని చూసొద్దామని వెళ్ళాడు.

ఓపల్ ఆ రెండు బండ్లకీ మధ్య, ఇసుకలో, చేతులు చంకల్లో పెట్టుకుని ముడుచుకుపోయి ఉంది. ప్రాణం లేదు. ట్రైలర్‌లో హీటర్ ఆరిపోయి ఉంది. పికప్ స్టార్ట్ కాలేదట.

"నాకేం తెలుసు?" అన్నాడు డెల్మర్. "రాత్రి చెవి మిషన్లు తీసేసి పడుకుంటాను. పిడుగు పడినా వినపడదు."

అందరూ తలూపారు. వెండెల్ మాత్రం తలూపకుండా మా బండికి తిరిగొచ్చేశాడు. నాతో ఒక్క మాటన్నాడు — "లేపుతుంటే ఆమె చేతులు చూశాను. వేళ్ళ కణుపుల మీద తోలు లేదు."

ఆ తర్వాత రెండు చలికాలాలు డెల్మర్ అరిజోనా ముఖం చూడలేదు. టెక్సస్ బాగుందన్నాడు. మూడో ఏడు ఆర్డిస్ పట్టుబట్టింది — స్నేహితులందరూ ఇక్కడుంటే తనెక్కడో ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య ఎందుకుండాలని. వచ్చారు. సాయంత్రం మంట చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అందరం తలా ఒకటి వండి తెచ్చాం.

"ఎక్కడ దిగుతావు డెల్మర్?" అన్నాడు పక్క బండి ఆయన. "నీ పాత చోటు ఖాళీగానే ఉంది. రెండేళ్ళుగా ఎవరూ అడగట్లేదు మరి."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"దెయ్యమా?" డెల్మర్ ప్లేటు కింద పెట్టాడు. "మంచి నీడ వదిలేసి ఎండలో మాడుతున్నారు, వెర్రి మొహాలు. చూడండి, నేను దిగుతాను."

"వద్దులే" అన్నాడు వెండెల్ నెమ్మదిగా. "నువ్వు మాత్రం వద్దు."

"నేను మాత్రం అంటే?"

వెండెల్ మంటలోకి ఇంకో కట్టె తోశాడు. డెల్మర్ మొహం ఎర్రబడింది. లేచి వెళ్ళి, ఆ పూటే బండి తీసి, వాగు దాటించి, తీసుకెళ్ళి ఆ చెట్టు కింద పెట్టాడు.

రెండు రాత్రులు ఏమీ లేదు. మూడో రాత్రి గాలి లేచింది.

లోపల ఏం జరిగిందో ఆర్డిస్ తర్వాత వేసవిలో, మా ఊళ్ళో, మా వంటింట్లో కూర్చుని చెప్పింది. చెబుతున్నంతసేపూ కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకునే ఉంది, ఒక్క గుక్క తాగలేదు.

దీపాలార్పి పడుకున్నారు. డెల్మర్ చెవి మిషన్లు తీసి గూట్లో పెట్టాడు. ఆర్డిస్‌కి కునుకు పడుతుండగా —

టక్... టక్... టక్.

"ఎవరో తలుపు తడుతున్నారు" అనుకుంది. లేవబోయింది. చెయ్యి గట్టిగా పట్టుకుని లాగాడు డెల్మర్.

"తీయకు."

ఆమెకి ఒళ్ళు జలదరించింది. తట్టినందుకు కాదు. చెవుల్లో మిషన్లు లేవు — అతనికెలా వినపడింది?

"డెల్మర్... నీకు వినపడుతోందా?"

అతను పట్టు వదల్లేదు. తలుపు మళ్ళీ మోగింది, ఈసారి అరచేత్తో.

ఆర్డిస్ దీపం వేసి భర్త మొహంలోకి చూసింది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి... అడగకుండానే అర్థమైంది. అయినా అడిగింది.

"ఆ రాత్రి కూడా వినపడిందా?"

ఆమె పెదాలు చూసి గొణిగాడు. "జెనరేటర్ గురించి పోట్లాటకొచ్చిందనుకున్నాను."

"ఎంతసేపు తట్టింది?"

అతను దుప్పటి మీదికి లాక్కున్నాడు.

"ఎంతసేపు, డెల్మర్?"

"పేరు పెట్టి పిలిచింది. చలేస్తోందంది. నేను... టీవీ సౌండ్ పెంచాను."

ఆర్డిస్ అతని పట్టు విడిపించుకుంది. దీపం ఆర్పేసి, అటు తిరిగి పడుకుంది. కన్నీళ్ళు దిండులోకి కారిపోయాయంది. బయట చప్పుడు ఆగింది. ఎప్పుడో నిద్ర పట్టేసింది.

మళ్ళీ మెలకువ వచ్చేసరికి తలుపు బద్దలైపోయేలా మోగుతోంది. గాలి హోరులో ఒక గొంతు —

"ఆర్డిస్! తలుపు తీయి! ఆర్డిస్!"

డెల్మర్ గొంతు.

చటుక్కున పక్కకి తడిమింది. డెల్మర్ అక్కడే ఉన్నాడు. ఎప్పటిలా తలమీదుగా దుప్పటి లాక్కుని, అటు తిరిగి పడుకుని ఉన్నాడు. ఊపిరి తీస్తున్నాడు.

"విన్నావా?" గుసగుసగా అంది. "అచ్చం నీ గొంతే..."

దుప్పటి లోపల్నుంచి, అంతే గుసగుసగా వచ్చింది జవాబు.

"నేను కాదది... తీయకు."

తీయలేదు ఆర్డిస్. కళ్ళు గట్టిగా మూసుకుంది. అతని మీద ఎంత కోపమున్నా, భయానికి ఇంకా దగ్గరికి జరిగి చెయ్యి వేసి పట్టుకుంది. అతని పాదాలు తన కాళ్ళకి తగిలాయి — మంచుగడ్డల్లా ఉన్నాయి. భయంతో చల్లబడ్డాడనుకుంది. తన పాదాలతో రుద్ది వేడి చేయబోయింది కూడా.

బయట గొంతు అరిచింది. తిట్టింది. బతిమాలింది. చిన్నపిల్లాడిలా ఏడ్చింది. కిటికీ దగ్గర గోళ్ళతో గీరింది. తర్వాత తట్టడం నెమ్మదించింది... ఒకటి... చాలాసేపటికి ఇంకొకటి... ఆగిపోయింది.

"పోయింది" అని దుప్పటిలోంచి వినపడింది. ఆర్డిస్ నిద్రపోయింది.

వెలుతురు వచ్చాక చూస్తే పక్కన ఎవరూ లేరు. పరుపు సొట్ట పడి ఉంది, చల్లగా ఉంది. గడియ తీసి తలుపు తోస్తే ఏదో బరువు అడ్డం పడి తెరుచుకోలేదు. ఆమె కేకలు విని వెండెల్, పక్క బండి ఆయన వాగు దాటి పరిగెత్తారు. వాళ్ళతోపాటు నేనూ.

మెట్ల మీద డెల్మర్. లోపలి బట్టలతో, బోసి కాళ్ళతో, తలుపుకి ఆనుకుని. పెదాలు నల్లబడ్డాయి. వేళ్ళ కణుపుల మీద తోలు లేదు. కానీ ఊపిరి ఉంది.

యూమా ఆసుపత్రిలో రెండు చేతుల వేళ్ళూ తీసేశారు. చాలా రోజులకి మాట వచ్చింది. ఆర్డిస్ మంచం పక్కన కూర్చుని చెంచాతో సూప్ తాగిస్తుంటే, మొహం తిప్పేసుకున్నాడు.

"మళ్ళీ పిలిచింది" అన్నాడు. "నువ్వు నిద్రపోయాక. నన్నే, పేరు పెట్టి. ఇక తట్టుకోలేక... పోవే అని అరుద్దామని తలుపు తీసి కిందికి దిగాను. వెనకాల తలుపు మూసుకుపోయింది. గడియ లోపల్నుంచి పడిన చప్పుడు విన్నాను."

"వాగు దాటి మా దగ్గరికి రాలేకపోయావా అని అడిగావా?" అన్నాను నేను, మా వంటింట్లో ఇదంతా వింటూ, ఆర్డిస్‌తో. అడిగిందట. ఎటు నడిచినా, ఎంత నడిచినా, మళ్ళీ ఆ చెట్టు కిందికే వచ్చానన్నాడట.

"అంత తట్టాను. అంత అరిచాను. నువ్వెందుకు తీయలేదు, ఆర్డిస్?" అని తిరిగి అడిగాడట డెల్మర్, ఆసుపత్రి మంచం మీంచి.

"నువ్వే కదా వద్దన్నావు" అంది ఆమె. "నా పక్కనే పడుకుని... తీయకు, నేను కాదది అన్నావు. నిన్ను పట్టుకునే ఉన్నాను నేను."

డెల్మర్ తల అడ్డంగా ఊపాడు. కట్లు కట్టిన మొండి చేతులు దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"కిటికీలోంచి చూశాను" అన్నాడు. "నువ్వు ఆమె మీద చెయ్యేసుకుని పడుకున్నావు. నేను పిలిచాను. ఆమె దుప్పటి కొంచెం కిందికి దించి, నీ తల మీదుగా నావైపు చూసింది. తోలు ఊడిన వేలు పెదాల మీద పెట్టుకుంది... నువ్వు లేస్తావు, చప్పుడు చెయ్యొద్దన్నట్టు."