చూసుకుంటాను అన్న మాట

కొళాయి కింద బకెట్టు నిండుతుండగా బస్సు డ్రైవరు భార్యకు మేడమెట్ల మీద గొంతు వినిపించింది. పై వాటాలో ఉండే సమ్మె నాయకుడిది. వీళ్ళింట్లో అతని పేరు 'మైకు'. గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది మరి.

"కింద వాటా ఆయన సంగతి నేను చూసుకుంటాను. మీరెవరూ ముందుకు రావద్దు," అంటున్నాడు ఫోనులో.

ఆమె బకెట్టు వదిలేసి లోపలికి పరుగెత్తింది. తోటివాళ్ళంతా సమ్మెలో ఉంటే, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళ గతేమిటని ఆమె భర్త పొద్దున్నే బస్సు తీశాడు.

"అత్తయ్యా, ఆయన్ని ఏదో చేసేట్టున్నారు!"

"ఆ మైకుగాడా? వాడికి నోరే గాని చేతులెక్కడివే?" అంది అత్తగారు. అన్నదే గాని, లేచి తలుపు గడియ వేసింది.

భర్తకు ఫోను చేస్తే మోగుతోంది గాని ఎత్తడం లేదు. స్టీరింగు ముందు కూర్చుంటే అతను ఫోను ముట్టడు. మళ్ళీ చేసింది.

అంతలో తలుపు దబదబా మోగింది.

"చెల్లెమ్మా, నేనే! ఆయన ఏ దారిన వస్తున్నాడు?"

"ఎందుకు మీకు?"

"చెప్పే టైము లేదు. ఏ దారి?"

సమ్మె రోజుల్లో బస్సు దారి ఏ పూటకాపూట మారుతోంది. ఇవాళ సంత దారి. గడియ తీయకుండానే ఆమె, "స్టేషను దారి," అనేసింది.

మెట్లు దిగిన చప్పుడు. కిటికీలోంచి చూస్తే అతను చెప్పులైనా లేకుండా పరుగెడుతున్నాడు. ఫోనులో అరుస్తున్నాడు.

"రాళ్ళు పారేయండిరా! వాడితో దెబ్బలాట నాది, మీది కాదు! వాడి ఒంటి మీద దెబ్బ పడకూడదు!"

చూసుకుంటానంటే ఇదా! గడియ లాగి వీధిలోకి పరుగెత్తింది.

"అన్నయ్యగారూ! స్టేషను కాదు, సంత! సంత దారి!"

అతను వెనక్కి తిరిగి పరుగు తీశాడు.

ఆ తర్వాత అత్తాకోడళ్ళు గుమ్మంలోనే కూర్చుండిపోయారు. పొయ్యి వెలిగించలేదు. వీధిలో ఏ చప్పుడైనా ఇద్దరూ ఉలిక్కిపడుతున్నారు.

మధ్యాహ్నానికి మగవాళ్ళిద్దరూ వచ్చారు. భర్త ఒంటి మీద గీత కూడా లేదు. మైకు నుదుటికి కట్టు.

"బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు. నాకు తగలాల్సిన రాయి," అన్నాడు భర్త.

"ఒక్క క్షణం ముందు చేరుంటే విసిరినవాడి చెయ్యి పట్టుకునేవాణ్ణి," అన్నాడు మైకు. "అది సరే, రేపు బస్సు తీశావంటే మాత్రం ఊరుకోను."

"తీస్తాను."

"నీ ఒక్కడి వల్ల మా అందరి పొట్టా కొడుతున్నావు!"

"రోగుల ఉసురు మీరు పోసుకుంటున్నారు!"

"ఆ క్షణం నేను తినేశాను అన్నయ్యగారూ," అంది ఆమె, ఉన్నట్టుండి ఏడుస్తూ. "దారి కావాలనే తప్పు చెప్పాను. కొట్టడానికి అడుగుతున్నారనుకున్నాను."

మైకు కట్టు తడుముకున్నాడు.

"నేనైనా గడియ తీసేవాణ్ణి కాదులే. ఏడవకు చెల్లెమ్మా, కుట్లు పడ్డది నాకు."

ఆ మాటకు ఆమె ఇంకా వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళూ అతని అరుపు చెవిన పడుతూనే ఉంది. ఏమంటున్నాడో తను ఒక్కసారైనా వినలేదు.