417 నంబరు చెరుకు

గంగామణి కేన్ ఆఫీసులోకి ఒక చెరుకు గడతో వచ్చింది. గడ కొసన తెల్లటి పూత ఉంది. దాన్ని తెచ్చి ఆత్మారాం కీబోర్డు మీద అడ్డంగా పెట్టింది.

"సారూ, గిది ఏంది?"

"చెరుకు."

"చెరుకు గాదు, చొప్ప. ఇరిచి సూడు. లోపల బెండు వట్టింది."

అతను విరవలేదు. కీబోర్డు దులుపుకున్నాడు.

"మాకంటే నెల ఎనుక నాటినోళ్లది నరికిన్రు. మాకు కటింగ్ ఆర్డర్ ఎందుకు రాలే?"

అది రెండు వేల రెండు, ఫిబ్రవరి. బోధన్ పక్క ఊళ్లలో చెరుకు నరకాలంటే చక్కెర ఫ్యాక్టరీ కేన్ ఆఫీసు నుంచి కటింగ్ ఆర్డర్ చీటీ రావాలి. ముందు నాటినవాడికి ముందు వస్తుంది. చీటీ లేకుండా నరికితే ఫ్యాక్టరీ తీసుకోదు. చీటీ ఆలస్యమైతే చెరుకు పొలంలోనే పూత పూసి ఎండుతుంది. ఫ్యాక్టరీ పేరుతో ఈ కథకు పని లేదు.

ఆ ఏడే కేన్ ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దాని వెనకాలే ఆత్మారాం వచ్చాడు. ఇరవై నాలుగేళ్లవాడు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకున్నాడు. మూడు నెలల చదువుకు ముప్పై ఏళ్ల పొగరు.

ఆ పొగరుకు మూలం ఒక ఫార్ములా. రైతుల జాబితా అంతా ఒక షీటులో ఉంటుంది. ఇంకో షీటులో రైతు నంబరు ఒక్కటి కొడితే చాలు, పేరు, ఊరు, నాటిన తేదీ పక్క గళ్లలో వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. వీలుకప్ అంటారు దాన్ని. ముగ్గురు గుమాస్తాలు రెండు రోజులు రాసే చీటీలు గంటలో ప్రింటయ్యాయి. కేన్ ఆఫీసర్ దశరథం కళ్లద్దాలు సర్దుకుని, "నువ్వు కొట్టకుండనే పేరొచ్చిందా?" అని మూడుసార్లు అడిగాడు. ఆ మూడుసార్లే కుర్రవాణ్ణి చెడగొట్టాయి.

"నంబర్ చెప్పు," అన్నాడు ఆత్మారాం.

"నాలుగు వందల పదిహేడు. లింబాద్రి. మా బాపు."

కొట్టాడు. "నాలుగు వందల పదిహేడు బాలనర్సయ్య. మీ బాపు కాదు."

"బాలనర్సయ్యది మా పక్క పొలం. ఆయనది నాలుగు వందల పదహారు. పదహారు కొట్టు."

కొట్టాడు. మళ్లీ బాలనర్సయ్యే వచ్చాడు.

"ఒక్క మనిషికి రెండు నంబర్లా?"

"ఉండొచ్చు. కంప్యూటర్ తప్పు చెయ్యదు."

ఆమె కాసేపు తెర వంక చూసింది. "ఐదు వేలు కొట్టు."

"మనకు ఉన్నదే తొమ్మిది వందల మంది రైతులు."

"గందుకే కొట్టుమంటున్న."

ఐదు వేలు కొట్టాడు. తెర తడుముకోలేదు. దేవన్న అని చూపించింది. దేవన్న జాబితాలో ఆఖరి రైతు.

"లేని నంబర్‌కు గూడ మనిషిని సూపెడ్తుంది మీ డబ్బ," అంది గంగామణి. "మా ఊళ్లె సంబంధాలు కుదిర్చేటోడు గిట్లనే. అడిగిన పిల్ల దొర్కకుంటే పక్కింటి పిల్లను సూపెడ్తడు."

ఆత్మారాం ఫార్ములా తెరిచి చూశాడు. తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. ఆ ఫార్ములా చివర 'ఫాల్స్' అని ఒక మాట రాయాలి. రాస్తే, అచ్చంగా అదే నంబరు దొరికినప్పుడే జవాబిస్తుంది. దొరక్కపోతే లేదని చెబుతుంది. రాయకపోతే, దొరకని నంబరుకు దాని ముందరివాణ్ణి తెచ్చి కూర్చోబెడుతుంది. అతను రాయలేదు. అవసరం లేదనుకున్నాడు.

బాలనర్సయ్యకు రెండు చీటీలు పోయాయి. తన పేరున్న చీటీని ఎవడూ వద్దనడు. ఆయనా అనలేదు. రెండు చీటీల మీదా తన చెరుకే నరికించుకున్నాడు.

"నీ పేరేంది?" అన్నాడు ఆత్మారాం మెల్లగా.

"ఎందుకు? నా పేరు కొడ్తే ఎవరొస్తరో."

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. అతను 'ఫాల్స్' చేర్చి ఫార్ములా కిందిదాకా లాగాడు. అక్కడక్కడా గళ్లలో పేర్లు పోయి, 'లేదు' అనే గుర్తు వచ్చింది.

"మాదొక్కటేనా?"

లెక్కపెట్టాడు. "పదకొండు."

"ఫ్యాక్టరీ బంద్ ఎన్నడు?"

"ఇంక పన్నెండు రోజులల్ల."

"మాదొక్కటి సాటుంగ ఎక్కియ్యకు," అంది. "ఎక్కిస్తే పదకొండు ఎక్కియ్యి." చెరుకు గడ బల్ల మీదే వదిలి వెళ్లిపోయింది.

ఒక్క చీటీ అయితే ఎవరికీ తెలియకుండా నడిచేది. పదకొండుకు దశరథం సంతకం కావాలి. ఆత్మారాం గడ పట్టుకుని లోపలికి వెళ్లాడు.

దశరథం అంతా విన్నాడు. "మిషన్ ఖరాబైందని రాస్తే అయిపోతది గదా."

అందరూ నమ్మేవారు. ఆత్మారాంది రోజు కూలీ మీద ఉద్యోగం. పొమ్మంటే పోవాలి.

"మిషన్‌ది కాదు సార్. రిజిస్టర్ ఎక్కించేటప్పుడు పేజీ తిప్పే తొందరల అడుగు వరుసలు ఇడిసిపెట్టిన. ఫార్ములల ఒక మాట రాయలే. రెండూ నావే."

"అయితే పదకొండు ఇండ్లకు నువ్వే పో. చీటీ ఇచ్చి, తప్పు ఎవరిదో చెప్పి రా."

పది ఇళ్లలో తిట్లు తిన్నాడు. తినవలసినవే. పదకొండో ఇంట్లో లింబాద్రి కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు.

"కాకా, తప్పు నాది," అన్నాడు చిన్నాన్న వరస కలుపుతూ.

లింబాద్రి చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "కాకా అన్నవు. కూసో. బిడ్డా, నీళ్లియ్యి."

గంగామణి చెంబు తెచ్చింది. "నీళ్లు ఇస్తున్న. మాఫీ ఇస్తలేను."

అతను తాగాడు.

చీటీ వచ్చింది గాని నరికేవాళ్లు లేరు. నాందేడ్ ముఠా మూటలు సర్దుకుంటోంది. ఆత్మారాం తల్లిది మహారాష్ట్రలోని ధర్మాబాద్. ఆమె దగ్గర నేర్చిన మరాఠీతో ముఠా పెద్దను, ముకద్దాన్ని, పట్టుకుని బతిమాలాడు. నాలుగు రోజులు ఉంటామన్నారు. మనిషి తక్కువైతే తనూ కొడవలి పట్టాడు. చెరుకాకు అతని చేతులు కోసింది.

"ఎన్నడన్న కొడవలి పట్టినవా?" అంది గంగామణి.

"మౌస్ పట్టిన."

"తెలుస్తనే ఉంది. మొదలుకు నరుకు. తీపంత ఆడనే ఉంటది."

మూడో రోజు అదను లేని వాన పడింది. గంగామణి గోనెసంచి మడిచి తలమీద కప్పుకుంది. ఆమె ఇటు చూసినప్పుడు ఆత్మారాం అందులో తనకూ కాస్త చోటు ఉంటుందనుకున్నాడు. ఆమె ఇంకో సంచి విసిరింది. దూరం నుంచే.

ఆఖరి బండి తూకం చీటీ ఆమె అతని ముందు పట్టింది. "పోయినేటి మీద ఏడు టన్నులు తక్కువ. యాదుంచుకో."

ఉంచుకున్నాడు.

ఆ తర్వాత ఆదివారాలు లింబాద్రి కాలు ఎలా ఉందో చూడటానికి వెళ్లేవాడు. కాలు జూన్‌లోనే అతుక్కుంది. ఆదివారాలు ఆగలేదు.

"కాలు నడుస్తుంది," అనేది గంగామణి గుమ్మంలోనే. "ఇంకేం సూస్తవు?"

"కర్ర లేకుండ నడుస్తుందా అని."

ఆ ఏడు ఆమెకు మూడు సంబంధాలు వచ్చాయి. మూడూ దూరపు ఊళ్లు. నేను పోతే చెరుకు ఎవరు చూస్తారని మూడూ వద్దంది. లింబాద్రికి ఆమె ఒక్కతే. ఆత్మారాం ఆ మూడు వార్తలూ విన్నాడు. మూడుసార్లూ నోరు తెరవలేదు. పిరికివాడు.

నవంబరులో కొత్త సీజన్ జాబితా. ఈసారి ఆత్మారాం రిజిస్టరులో వరుస కింద స్కేలు పెట్టుకుని ఎక్కించాడు. తండ్రీ కూతుళ్లు ఆఫీసుకు వచ్చారు. ఆత్మారాం పక్కన కూర్చుని జాబితా సరిచూస్తున్న దశరథం ముందు పొలం పాస్‌బుక్ పెట్టాడు లింబాద్రి.

"పొలం బిడ్డ పేరు మీద చేసిన సారూ. నాలుగు వందల పదిహేడుల నా పేరు తీసి గంగామణి అని రాయించున్రి."

"రాస్త మామా," అన్నాడు ఆత్మారాం.

దశరథం కలం ఆగింది. లింబాద్రి తల తిప్పాడు.

"ఏమన్నవు?"

"మామా అన్న."

"ఇన్నొద్దులు కాకా అంటివి."

"తప్పు ఎక్కించిన. దిద్దుకుంటున్న."

ఇద్దరిదీ ఒకే కులం. కాకపోతే ఈ కథ ఆ గదిలోనే ఆగేది. దాచడమెందుకు.

లింబాద్రి పాస్‌బుక్ దగ్గరికి లాక్కున్నాడు. "నా బిడ్డ చెరుకిడిసి రాదు. ఇల్లటం వస్తవా?"

"వస్త."

"నలుగురు నవ్వుతరు."

"పది ఇండ్ల తిట్లు తిన్న. నలుగురు నవ్వితే ఏమైతది."

గంగామణి అతని వంక చూడలేదు. "ఏడు టన్నులు మర్సిపోలే నేను," అంది.

"మర్సిపోకు."

"మర్సిపోను."

"మరి ఏమంటవు బిడ్డా?" అన్నాడు లింబాద్రి.

ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆత్మారాం కుర్చీ వెనక నిలబడింది.

"ఐదు వేలు కొట్టు."

కొట్టాడు.

"ఏమంటుంది?"

"గసొంటి మనిషి లేడంటుంది."

"ఇప్పుడు నాలుగు వందల పదిహేడు."

అతను ముందు జాబితాలో పేరు మార్చాడు. ఒక అక్షరం తుడిచి మళ్లీ కొట్టాడు. తర్వాత చీటీల షీటుకు వచ్చి నంబరు కొట్టాడు. పేరు, ఊరు, నాటిన తేదీ వచ్చి కూర్చున్నాయి.

గంగామణి పదో తరగతి చదివింది. ముందుకు వంగి, తెర మీద వేలు పెట్టి, తన పేరులోని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ చదివింది. కొసదాకా చదివి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

"సరిగ్గనే ఉంది బాపూ," అంది. "రానియ్యి."