ఏమీ అడగని ఉత్తరం

కాకినాడ గ్రంథాలయంలో సందేహాల బల్ల ముందు ఆ సోమవారం అప్పటికే పదకొండు మంది కూర్చున్నారు. సెలవుచీటీలో పైఅధికారిని ఏమని పిలవాలని ఒకరు, క్షమాపణ ఎక్కడ మొదలుపెట్టాలని ఇంకొకరు అడుగుతున్నారు. ఇంగ్లీషు నేర్పే శేషుకుమారి ఒక్కచోట నిలవలేక, బల్ల చుట్టూ తిరుగుతూనే జవాబులు చెబుతోంది.

ఇంటింటా ఉత్తరపలక ఉన్న రోజులవి. మనసులో మాట తెలుగులో చెబితే నిమిషంలో నిగనిగలాడే ఇంగ్లీషు ఉత్తరం తయారు. ఆ వరదను తట్టుకోలేక ఆఫీసులు జల్లెడయంత్రాలు పెట్టుకున్నాయి. ఉత్తరంలో కోరిక కనిపిస్తే చాలు, ‘పరిశీలనలో ఉంది’ అని జల్లెడే జవాబు పంపేస్తుంది. పలక రాయడం, జల్లెడ చదవడం. మనుషులు హాయిగా తప్పుకున్నారు. ఆ హాయి భరించలేనివాళ్లే సొంతంగా రాయడం నేర్చుకోవడానికి ఈ బల్ల దగ్గరికి వస్తున్నారు.

పన్నెండో మనిషి నూకరత్నం. ఆమె భర్త పోలయ్య సముద్రం అడుగున ఒక కంపెనీ గనివేదికలో పంపులు చూస్తాడు. ఏడాదికి వెనక్కి రావలసినవాడు, పద్నాలుగు నెలలైనా రాలేదు.

“ఆ కంపెనీకి ఇరవైమూడు ఉత్తరాలెట్టానండి. పరిశీలనంట! ఆ నీటి ఒత్తిడికి మా ఆయనకి ఎడం సెవి పోయిందండి. గురువారం పొద్దున్న ఆ గని కాడికి ఓడొత్తాది. అదెల్లిపోతే మళ్లీ ఆర్నెల్లకేనండి. ఈలోగా రెండో సెవీ పోద్దండి.”

శేషుకుమారి కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. “పోయిన నెల ఒకాయన తన పాత ఆఫీసుకు ఊరికే కృతజ్ఞతలు రాశాడు. మనిషి సంతకంతో జవాబొచ్చింది. కోరిక లేని ఉత్తరాన్ని ఏం చేయాలో జల్లెడకు ఎవరూ నేర్పలేదమ్మా, అది మనిషి చేతికే పోతుంది. నువ్వు ఏమీ అడక్కు.”

“అడక్కపోతే ఎలా తెలుత్తాదండి?”

“జరిగింది జరిగినట్టు రాయి. నీ చేత్తోనే.”

నాలుగు ఇంగ్లీషు వాక్యాలకు మూడు గంటలు పట్టింది. మధ్యలో ఒకసారి ఏడ్చింది కూడా. ‘నా భర్త పోలయ్య మీ వేదికలో పని చేస్తున్నాడు. ఇప్పుడు అతనికి ఫోనులో ఏ మాటైనా మూడుసార్లు చెబుతున్నాను. నిన్న ఒక మాట నాలుగుసార్లు చెప్పాను. అది నా పేరు.’

శేషుకుమారి ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. ఆ కాగితానికి ఫొటో తీసి, గ్రంథాలయం చిరునామాతో కంపెనీకి పంపింది.

మంగళవారం జవాబు లేదు. బుధవారం మధ్యాహ్నానికి నూకరత్నం గుమ్మానికీ బల్లకూ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. మూడు గంటలకు గ్రంథాలయం కంప్యూటరు తెర మీద కంపెనీ పెద్దాఫీసరు చేతిరాత మెరిసింది. వంకరటింకర ఇంగ్లీషు అక్షరాలు. శేషుకుమారి తెలుగులో చదివి వినిపించింది.

‘ఉత్తరం చదివాను. అతణ్ణి ఈ ఓడలోనే పంపాలి. కానీ పందొమ్మిదేళ్లుగా నా ఉత్తరాలన్నీ పలకే రాస్తోంది. పంపమని నేను చెబితే, పంపే విషయం పరిశీలించవచ్చునని మారుస్తోంది. కాగితం లేనిదే ఓడ కెప్టెను ఎక్కించుకోడు, కనుక నేనే చేత్తో రాయాలి. పొద్దున్నుంచీ కాగితం ముందు కూర్చున్నాను. మీకు ఇది ఎలాగో రాశాను కానీ, ఆజ్ఞ మొదలుపెట్టడం రావడం లేదు. దయచేసి నేర్పండి.’

“అంత పెద్దాఫీసరుకి ఉత్తరం రాయడం రాదాండీ!” నూకరత్నం నోరు వెళ్లబెట్టింది.

శేషుకుమారికి ఒళ్లు మండింది. పందొమ్మిదేళ్లు! ఎంతమంది పోలయ్యలు ఆ పరిశీలనలో ఉండిపోయారో! తిట్టడానికి కలం తీసింది. గోడ గడియారం చూసి, ఆ కలాన్ని నూకరత్నం చేతిలో పెట్టింది.

“మొన్ననే నేర్చుకున్నావుగా. ఆయన భయం నాకంటే నీకే బాగా తెలుసు. నువ్వే నేర్పు.”

నూకరత్నం చీరకు చెయ్యి తుడుచుకుని కూర్చుంది. మాట మాటకీ శేషుకుమారిని అడుగుతూ, ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమే పేర్చింది.

‘అయ్యా, భయపడకండి. నాకూ నాలుగు వాక్యాలకు మూడు గంటలు పట్టింది. ఒక్క ముక్క రాయండి, చాలు: పోలయ్యను రేపటి ఓడ ఎక్కించండి. కింద మీ పేరు పెట్టండి. రాసి నాకు చూపించండి. నేను ఇక్కడే కూర్చుంటాను. తప్పులుంటే దిద్దుతాను.’