ఊపిరి తీసే గది

తిరువొత్తియూరులో సముద్రం వైపున్న ఆ అపార్ట్‌మెంటుకి పోయి, ఈతకొలను కింద ఉండే పంపు గది గురించి ఎవరినైనా అడగండి. పగలైతే నవ్వుతారు. పొద్దు గూకినాక అడిగితే — "ఆ మాట ఇప్పుడెందుకు?" అంటారు.

కరెంటు పోతే ఆ గది ఊపిరి తీస్తుందట.

మోటార్లన్నీ ఆగి, కొలనులో నీళ్ళు కదలకుండా పడున్నప్పుడు... మూసిన తలుపు వెనక నుంచి బుస్... బుస్... కరెంటు తిరిగి రాగానే లోపల దబ్బుమని ఒక్క దెబ్బ. లోపలి బల్బు మాడి ఆర్నెల్లవుతున్నా, మార్చే మగాడు ఆ కాంపౌండులోనే లేడు.

బల్బు మాడిన వారమే ఆనందన్ పోయినాడు. కొలను చూసుకునే మనిషి. ఆ గదిలోనే బోర్లా పడి ఉన్నాడు. గుండె ఆగిందన్నారు. చచ్చినోళ్ళలో ఆగనిది ఎవరికి గనక!

అతని పెళ్ళాం అలివేలుకి ఆ అపార్ట్‌మెంటులోనే ఊడ్చే పని ఇచ్చినారు. మొగుడు పోతే ఏడవలేదని ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. ఏడుపు రావాలంటే లోపల ఏదో ఒకటి కదలాలి కదా. అన్నం నోట్లో పెట్టుకుంటే మన్ను నమిలినట్టుండేది. ఎండలో నిలబడితే ఎండ తగిలేది కాదు.

ఒక్క చోట మాత్రం...

కరెంటు పోయినప్పుడల్లా పోయి ఆ తలుపు బయట కూచునేది. కింది సందులోంచి వాసన వచ్చేది. బ్లీచింగు వాసన. ఆనందన్ చొక్కా వాసన. ముక్కు మండి కళ్ళలో నీళ్ళు తిరిగేవి — ఆమెకు కన్నీళ్ళంటూ వచ్చింది ఆడనే. లోపల బుస్... బుస్... అచ్చం నిద్రలో ఆయన తీసే ఊపిరి.

"ఉండావా?" అని గుసగుసగా అడిగేది.

కరెంటు రాగానే దబ్బున ఒక దెబ్బ.

ఉన్నాడు.

ఆయుధపూజ వచ్చింది. లిఫ్టుకీ, జనరేటరుకీ, మోటార్లకీ పసుపు కుంకుమలు. సెక్రటరీ రంగనాథం చదువుకున్నాయన — దెయ్యాన్ని నమ్మడు, గుమ్మడికాయని నమ్ముతాడు. పంపు గదిలో కర్పూరం వెలిగించి, బూడిద గుమ్మడికాయతో దిష్టి తీసి, గేటు ముందర పగలగొడితే పీడ వదులుతుందని తీర్మానించినాడు.

దీపాలు పెట్టే వేళకు వాన పట్టుకుంది. కరెంటు పోయింది.

తలుపు వెనక ఊపిరి మొదలైంది.

"మంచిదే. ఉన్నప్పుడే తరమాల" అంటా రంగనాథం తలుపు తీసినాడు. వాసన గుప్పుమంది. దగ్గుతానే గడప దాటినాడు. గుమ్మడికాయ మీద కర్పూరం బిళ్ళ పెట్టి, జేబులోంచి అగ్గిపెట్టె తీసినాడు.

ఎప్పట్లా తలుపు బయట కూచునున్న అలివేలు లేచి అతని చెయ్యి పట్టుకుంది.

"వద్దు సార్."

"వదులమ్మా. దెయ్యం అది."

"నా మొగుడు సార్. ఈడైనా ఉండనీండి."

రంగనాథం విదిలించుకున్నాడు. పుల్ల తీసినాడు... ఆమె అగ్గిపెట్టె లాక్కుని, బయట మెట్ల మీద పారే వాన నీళ్ళలోకి విసిరేసింది.

"బుద్ధుందా నీకు?"

"ఆర్నెల్లుగా లేదు సార్."

అప్పుడే మెట్ల పైన టార్చి వెలుగు. కొలను నీళ్ళు శుభ్రం చేసే మిషను కంపెనీ ఇంజనీరు నివేదిత. మిషను మీద ఎర్ర లైటు వెలుగుతోందని వీళ్ళే పిలిపించినారు. రెండు మెట్లు దిగిందో లేదో, వాసన తగిలి అరిచింది —

"బయటికి రాండి! అగ్గి ముట్టించొద్దు!"

మెట్ల పక్కనున్న బోర్డులో ఒక స్విచ్చి ఆపింది.

బుస్... బు...

ఊపిరి ఆగిపోయింది. రెండోసారి పోయినాడు, అనుకుంది అలివేలు. ఈసారీ ఏడుపు రాలేదు.

తలుపు బార్లా తీసి, వాసన పోయేదాకా నివేదిత ఎవర్నీ లోపలికి పోనియ్యలేదు. తర్వాత తనొక్కతే పోయి, ఒక వైరు ముక్క పట్టుకొచ్చింది.

"ఉప్పు నీళ్ళలోకి కరెంటు పంపి క్లోరిన్ చేసే డబ్బా ఇది. పైపులో నీళ్ళు కదలకపోతే తనే ఆగిపోవాల. ఆగకుండా ఈ వైరు చుట్టేసినారు. కరెంటు పోతే మోటారు ఆగుతాది, డబ్బా మాత్రం జనరేటరు మీద నడస్తానే ఉంటాది. గ్యాసు పైపులో నిండి, జాయింటులోంచి బుసకొడతాది. మోటారు తిరగ్గానే మిగిలింది పైపును దబ్బున తంతాది. పీలిస్తే విషం. దాంతోపాటు హైడ్రోజనూ పుడతాది, అగ్గి చూపిస్తే పేలుడు. ఆ పుల్ల గీసుంటే, గుమ్మడికాయతోపాటు మీరూ పగిలేవాళ్ళు సార్."

అలివేలు మెల్లగా అడిగింది — "అయితే ఆ ఊపిరి... ఆయనది కాదా?"

"కాదక్కా. గ్యాసు."

"ఆయన పోయిన రోజు కూడా కరెంటు పోయింది."

నివేదిత వైరును పిడికిట్లో బిగించింది. "ఎవరు కట్టింది ఇది?"

"ఆనందనే" అన్నాడు రంగనాథం గబుక్కున. "పోయినోణ్ణి అనకూడదు గానీ... డబ్బా మాటిమాటికీ ఆగిపోయేది. నీళ్ళు పచ్చబడతాండాయని అందరూ నా పీక మీద కూచుంటే, మరి... ఏదో ఒకటి చెయ్యాల కదా..."



అలివేలు అతని వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. ఏడుపూ లేదు.

"కట్టమని ఎవరు చెప్పినారు సార్?"

వాన వెలిసింది. పైపుల్లో చప్పుడు లేదు. ఆ చీకట్లో ఒక్క ఊపిరి మాత్రం గట్టిగా వినపడుతోంది —

రంగనాథంది.