ఒంటిచెవి మూకుడు

తులసి మళ్ళీ వాంతి చేసుకుంది. తిన్న రెండు ముద్దలూ బయటికొచ్చేశాయి. ఎనిమిదేళ్ళ పిల్ల కడుపు పట్టుకుని గోడవైపు ముడుచుకుంటే తల్లి కుమారి తడిగుడ్డతో మూతి తుడిచింది. రక్తం తక్కువగా ఉందని వేసవిలో డాక్టరమ్మ చెప్పింది మొదలు ఆ తల్లి చేయని ప్రయత్నం లేదు... ఇనుప పాత్రలో వండిపెడితే రక్తం పడుతుందని ఎవరో అన్నారు. అంతే! ఫోనులో పాత సామాన్ల వేలంపాటలు పట్టుకుంది. అన్నీ పూర్వకాలపు పోత ఇనుమే. ఒకటి లోతు పెనం, ఒకటి నెర్రె విచ్చిన దోసెల పెనం, ఒకటి మూతలేని గిన్నె, ఇంకోటి గిన్నెలేని మూత! ఒకదానికొకటి పొంతన లేదు. భావనపాడులో ఆ వీధి ఆడవాళ్ళంతా నవ్వారు.

అత్తగారు లక్ష్మణమ్మ మాత్రం నవ్వలేదు. “ఎవులింటి పొయ్యిమీద ఏటి కాగిందో తెల్దు. పిల్లకి ఎట్టకే” అంది.

“నా వంటింట్లో నీకేటి పని అత్తా?” అనేసింది కుమారి. పెద్దావిడ బట్టలు మూట కట్టుకుని నౌపడలో కూతురింటికి వెళ్ళిపోయింది.

ఆ తరువాతే వచ్చింది ఆ చిన్న మూకుడు. దానికి ఒక చెవి లేదు, అందుకే పాటలో పోటీ కూడా లేదు. తులసి ఒక్కదాని కూరకి సరిగ్గా సరిపోతుందని కుమారి మురిసిపోయింది. పులుపు తగిలితే ఇనుము బాగా దిగుతుందని రోజూ అందులోనే చింతపండు పులుసు పెట్టింది. పిల్ల పాలిపోతున్నకొద్దీ ఇంకాస్త పులుపు వేసి, ఇంకాస్త సేపు మరిగించింది. పిచ్చితల్లి... తన చేత్తో తాను ఏం పెడుతోందో తెలియదు కదా!

మనవరాలికి బాగాలేదని తెలిసి ఆ మధ్యాహ్నం లక్ష్మణమ్మ పిలవకుండానే వచ్చింది. అత్తని చూసి కుమారి తలెత్తలేకపోయింది. పెద్దావిడ చూపు మాత్రం పొయ్యి మీదే ఆగిపోయింది.

“దీని సెవి ఏటయిందే?”

“ఇరిగిపోనాది అత్తా. అలాగే వచ్చింది.”

“ఇరగలేదు. కొట్టీసినారు. వలకి కట్టే సీసం గుళ్ళు పోసుకునే మూకుడే ఇది. సీసం కరిగించినదానికి ఒక సెవి కొట్టీసి పాక బయటే ఉంచుతాం. ఎవులూ మర్సిపోయి కూరొండకుండా...”

కాలుతున్న మూకుడిని ఉత్త చేతులతోనే లాగి వాకిట్లోకి విసిరేసింది లక్ష్మణమ్మ. కొత్తవలస దగ్గర వరిచేలు చూసుకునే ఇంట్లో పుట్టింది కుమారి. గంగపుత్రుల ఇళ్ళలో ఇలాంటి గుర్తు ఉంటుందని ఆమెకి ఎవరు చెప్పారు? భర్త హరిబాబు సముద్రం మీద చేపల వేటకెళ్ళే మనిషి, వంటింట్లోకి తొంగిచూడడు. ఆ గుర్తు చూడగానే పట్టే ఒక్క మనిషినీ తానే ఇంట్లోంచి పంపేసింది...

శ్రీకాకుళం ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేశారు. పిల్ల ఒంట్లో సీసం చేరిందని, రక్తం మరీ పడిపోవడానికి అదే కారణమని చెప్పారు. మందులతో దిగుతుంది. చదువు మీద, జ్ఞాపకం మీద ఎంత దెబ్బ పడిందో మాత్రం పిల్ల పెరిగితే గాని తెలియదన్నారు.

“నా బిడ్డకి ఇసం ఎట్టినావు” అన్నాడు హరిబాబు, పెళ్ళాం ముఖం చూడకుండా.

“నోరు ముయ్యిరా” అంది లక్ష్మణమ్మ. బొబ్బలెక్కిన చేతులకి కట్లున్నాయి. “దానికి తెల్దు. తెలిసిన నాను కోపమొచ్చి మూట కట్టుకుని పోనాను. అడిగితే ముందు నన్నడుగు.”

కుమారి అత్త ఒళ్ళో తలపెట్టి భోరున ఏడ్చింది.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో కూర్చుని, అమ్మినవాడిని నిలదీద్దామని ఫోను తెరిచింది. అతని దగ్గర ఇంకో ఒంటిచెవి మూకుడు పాటలో ఉంది! కింద ఎవరో తల్లి అడిగింది: “మా బాబుకి రక్తం తక్కువండీ. ఇందులో వండొచ్చా?” నిక్షేపంగా వండొచ్చని అతను జవాబిచ్చాడు. వద్దమ్మా, అది సీసం కరిగించినది అని కుమారి రాసింది. అతను ఆ మాట తీసేశాడు. మళ్ళీ రాసింది. ఈసారి ఆమె రాయడానికే వీల్లేకుండా చేశాడు. వేలం పాడటానికి మాత్రం అడ్డు పెట్టలేదు, డబ్బు చేదా?

పాట ముగియడానికి ఎంతోసేపు లేదు. కుమారి ఫోను భర్తకి చూపించింది. అతను అదంతా చదివి, వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు.

“పాడు” అన్నాడు. “అవతల మనిషి ఆగీదాకా పాడు.”

కుమారి పెంచింది. అవతల తల్లీ పెంచింది. కుమారి మళ్ళీ పెంచింది... ముఖమైనా తెలియని ఆ ఆడమనిషి ఆశ మీద పోటీకి దిగినట్టు, కళ్ళు తుడుచుకుంటూ పెంచుతూనే ఉంది. ఆమె ఎందుకు వదలడం లేదో కుమారి కంటే బాగా ఎవరికి తెలుసు?

చివరికి పాట కుమారికే దక్కింది. ఆ వెంటనే కింద ఆ తల్లి రాసింది: “బిడ్డ కోసం అని చెప్పినా వదల్లేదు. మీకు పిల్లలు లేరనుకుంటాను.”

కుమారి ఆ మాట రెండుసార్లు చదివింది. ఫోను భర్త చేతిలో పెట్టి, తులసి మంచం దగ్గరికి వెళ్ళింది.